బొమ్మ రెండింతలు చేయమంటే నాలుగింతలు అవుతోంది: కారణం ఇదీ

స్కెచ్‌ను పెంచే లెక్కలో మార్కులు ఎందుకు పోయాయని, శిల్పాన్ని రెండింతలు చేస్తే మట్టి ఎంత కావాలని మీరు అడిగారు. ముందు స్కెచ్ సంగతి: పొడవుకు వాడే గుణకాన్నే మీరు వైశాల్యానికీ వాడేశారు. 20×30 సెం.మీ. స్కెచ్‌ను రెండింతల వైశాల్యానికి పెంచమంటే 40×60 రాశారు. అది 2400 చదరపు సెం.మీ., అసలు స్కెచ్ 600. మార్కులు అక్కడే పోయాయి, మీ గుణకారంలో తప్పేమీ లేదు.

1. అడిగింది పొడవా, వైశాల్యమా? ప్రశ్నలో ఆ మాట కింద గీత పెట్టుకోండి.

2. వైశాల్యమైతే ముందు వర్గమూలం తీయాలి. ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. 2 వర్గమూలం 1.414. రెండు భుజాలనూ దాంతో గుణిస్తే 28.3×42.4, అంటే దాదాపు 1200.

నమ్మకం కుదరకపోతే స్కేలు తీసుకుని కాగితాలే కొలవండి. ఏ4 కొలత 210×297 మి.మీ., ఏ3 కొలత 297×420. రెండు ఏ4లు పక్కపక్కన పెడితే ఒక ఏ3. జిరాక్స్ మెషీన్‌లో ఏ4 నుంచి ఏ3కి 141 శాతం అని చూపించేది ఇందుకే. నాకు ఈ లెక్క అర్థమైంది కూడా పుస్తకంలో కాదు, ఆ కాగితాల మీదే.

3. మీరడిగిన శిల్పం ప్రశ్నకు ఘనం (2×2×2) వాడండి: ఎత్తు, వెడల్పు, మందం మూడూ రెండింతలైతే మట్టి ఎనిమిదింతలు కావాలి.