అత్తగారి వీలునామాలో ‘శాశ్వతంగా’ అన్న మాట

ప్రశ్న: మాది విజయనగరం. పెళ్లయ్యాక మలేషియాలోని పెనాంగ్‌లో స్థిరపడ్డాను. మావారిది చైనా నుంచి వలస వచ్చిన తావో మతస్థుల కుటుంబం. తన తర్వాత ఒక ఇంటి అద్దెతో పెద్దల పేర్లున్న పలకలకు శాశ్వతంగా ధూపం, చైనా పంచాంగం ఏడో నెలలో నైవేద్యం జరిగేలా అత్తగారు వీలునామా రాస్తారట. నన్ను సాక్షి సంతకం పెట్టమంటున్నారు. ఇది చెల్లుతుందా?

జవాబు: ముందు ఆ సంతకం మాత్రం పెట్టకండమ్మా. మలేషియా 1959 వీలునామాల చట్టం ప్రకారం ఇద్దరు సాక్షులు కావాలి. సాక్షికి గానీ, సాక్షి భర్తకో భార్యకో గానీ అందులో రాసిన ఆస్తి దక్కదు. మీరు సంతకం పెడితే మీవారి వాటాకే ఎసరు.

అసలు చిక్కు ‘శాశ్వతంగా’ అన్న మాటతోనే. సరిగ్గా మీ అత్తగారిలాగే పెనాంగ్‌లోని ఒకావిడ, తనకూ భర్తకూ కర్మకాండలు జరిగేందుకు ఒక ఇల్లు రాశారు. 1875లో లండన్ ప్రీవీ కౌన్సిల్, అంటే అప్పటి బ్రిటిష్ వలసలకు ఆఖరి అప్పీలు కోర్టు, అది చెల్లదంది. ఆచారాన్ని తప్పుపట్టలేదు. దానివల్ల మేలు ఆ కుటుంబానికే తప్ప ప్రజలకు కాదు కాబట్టి ధర్మకార్యం కింద రాదని, అలాంటప్పుడు ఆస్తిని కలకాలం కట్టిపడేయకూడదని చెప్పింది. మన దగ్గరా అంతే. సమాధి దగ్గర పూజలకు రాసిన ఆస్తి పత్రం చెల్లదని 1953లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

అయితే దారి ఉంది. గడువు పెట్టి రాయించండి. ‘నా తర్వాత 21 ఏళ్లపాటు’ అంటే కోర్టులో నిలబడే అవకాశం బాగా ఎక్కువ. 1932లో సింగపూర్‌లో గడువు పెట్టి రాసిన ఇలాంటి ఏర్పాటును కోర్టు ఒప్పుకుంది. కాకపోతే ట్రస్టీ ఆ పని చేయకపోతే నిలదీయడానికి లబ్ధిదారు అంటూ ఎవరూ ఉండరు. మనసున్న మనిషినే ట్రస్టీగా పెట్టాలి. లేదా ఇల్లు మీవారి పేరనే రాసి, పూజల సంగతి కోరికగా చెప్పొచ్చు. గుడిలోనో, కొంగ్సీలోనో (చైనా వంశాల వారి సంఘం) పలక పెట్టించి ఆ డబ్బు బతికుండగానే కట్టేస్తే వీలునామాతో పనే లేదు.

ఆవిడ మాటను మాత్రం చాదస్తం అనుకోకండి. ధూపం వెయ్యడానికి ఎవరూ మిగలకపోతే ఆత్మ ఆకలితో తిరుగుతుందని వాళ్ల నమ్మకం. ఏడో నెలలో గుమ్మం బయట అన్నం, పళ్లు పెట్టి కాగితం నోట్లు కాల్చేది అలా దిక్కులేని వాళ్ల కోసమే. మహాలయ పక్షంలో పిండం పెట్టే ఇంట్లో పుట్టినవారికి ఆ భయం కొత్తేమీ కాదు. తన తర్వాత ధూపం ఎవరు వెయ్యాలనుకుంటున్నారో ఆవిడనే అడిగి పేర్లు రాసుకోండి. ఆ కాగితం, ఇంటి పత్రాలు తీసుకుని పెనాంగ్‌లోనే ఒక లాయరును కలవండి.