సమాధానం: గడ్డి కొసలు తెల్లబడుతున్నయి, మిషిన్ ఊకె ఆగిపోతున్నది

అన్నా, మిర్యాలగూడ ఫంక్షన్ హాల్ లాన్‌ల కోసిన రెండు రోజులకే గడ్డి కొసలు తెల్లబడుతున్నయి, గడ్డి కోసే పెట్రోల్ మిషిన్ నడుమ నడుమ ఆగుతున్నది అన్నరు గద. నేనైతే కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితోని కలిపి ఇంజిన్‌కు పంపేది) కంటే ముందు బ్లేడే చూస్త. మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయదు, చీలుస్తది. చీలిన కొసలే ఎండి తెల్లబడతయి.

ఇంజిన్ చల్లారినంక స్పార్క్ ప్లగ్ వైరు పీకి పక్కకు పెట్టుండ్రి. పీకకుండ బ్లేడు చేత్తో తిప్పితే ఇంజిన్ అందుకునే ప్రమాదం ఉంటది, వేళ్లు పోతయి. బ్లేడు కోసం మిషిన్‌ను వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ ఉన్న దిక్కు పైకి ఉండాలె. లేకుంటే ఇంజిన్ ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టర్‌లకు దిగి, స్టార్ట్ చేయంగనే పొగ కమ్ముతది. డెక్ (బ్లేడు మీద ఉండే మూత) కింద పేరుకున్న గడ్డిని కట్టెతో గీకుండ్రి. ఇంజిన్ ఆగేది సగం దానితోనే.

బ్లేడు విప్పి, అంచుకున్న పాత వాలు మారకుండ ఆకురాయితో రాకి, నడిమి రంధ్రాన్ని గోడ మొలకు తగిలించి చూడుండ్రి. ఏ దిక్కు కిందికి వాలితే ఆ దిక్కు ఇంకింత రాకాలె. ఇది చానమంది వదిలేస్తరు, తర్వాత మిషిన్ వణికి బేరింగులు పోతయి.

ఇగ కోసుడు సంగతి. ఒక్కసారికి మూడో వంతు కంటే ఎక్కువ తీయొద్దు: 3 అంగుళాలుంటే 2 దాకనే. తడి ఆరినంకనే కోయాలె. వాలు మీద అడ్డంగ నడవాలె, మిషిన్‌ను మీదికి గుంజుకోవద్దు. మన దిక్కు గులకరాళ్లు ఎక్కువ, ముందే ఏరుండ్రి, పిల్లల్ని దూరం పంపుండ్రి. బూట్లు, కళ్లద్దాలు తప్పనిసరి. చెప్పులతోని అసలే వద్దు.