కారు స్టీరియో: రంగు చూసి కాదు, మీటరు పెట్టి

ప్రశ్న: కారుతో వచ్చిన ఏడు అంగుళాల స్టీరియో బాగా నెమ్మదించింది. దాన్ని తీసేసి పది అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించాలని ఉంది. పడుతుందా?

జవాబు: అంగుళాలు స్క్రీన్ లెక్క. పడుతుందో లేదో తేల్చేది డాష్‌బోర్డులో దాని వెనకున్న ఖాళీ. ఆ ఖాళీ కొలతలకు ఉన్న ప్రమాణం పేరు డిన్. సింగిల్ డిన్ అంటే 180 × 50 మిల్లీమీటర్లు, డబుల్ డిన్ అంటే 180 × 100. టయోటా కార్లలో చాలావాటికి ఈ ఖాళీ 200 × 100 ఉంటుంది. అందులో మామూలు డబుల్ డిన్ పెడితే రెండు పక్కలా చెరో పది మిల్లీమీటర్ల సందు మిగులుతుంది, దానికి పట్టీలు వేయాలి. తొమ్మిది, పది అంగుళాల స్క్రీన్లు ఆయా మోడల్ కోసమే చేసిన ఫ్రేముతో వస్తాయి. కాబట్టి స్క్రీన్ కంటే ముందు ఫ్రేము దొరుకుతుందో లేదో చూసుకోండి.

ఫ్రేము దొరికినా రెండు చూడాలి. పాత ప్యానెల్‌లో హజార్డ్ స్విచ్ గానీ, ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ దీపం గానీ ఉంటే కొత్త ఫ్రేములో వాటికి చోటుండాలి. పది అంగుళాల స్క్రీన్ చాలా కార్లలో ఏసీ గాలి వచ్చే జాలీలకు అడ్డం పడుతుంది. గాలి వదులుకుని సినిమా సైజు స్క్రీన్ పెట్టుకోవడం మాకు తెలివైన బేరంగా కనిపించదు.

ప్రశ్న: కొత్త స్టీరియో వైర్ల కొసనున్న కప్లర్ కారు కప్లర్‌కు సరిపోవడం లేదు. కారు కప్లర్ కోసేసి రంగుకు రంగు కలిపేస్తే చాలని బిగించే అతను అంటున్నాడు. ఒప్పుకోమంటారా?

జవాబు: ఒప్పుకోకండి. కారు మోడల్‌కు తగిన అడాప్టర్ హార్నెస్ (ఒక వైపు కారు కప్లర్‌కు గుచ్చుకునే వైర్ల కట్ట) తెచ్చుకుని, కోయడమూ కలపడమూ ఆ అడాప్టర్ వైర్ల మీదే జరగనివ్వండి. కారు వైరు మీద కత్తెర పడకూడదు. రేపు పాతది తిరిగి పెట్టాలన్నా, పొరపాటు ఎక్కడుందో వెతకాలన్నా కంపెనీ కప్లర్ చెక్కుచెదరకుండా ఉంటేనే దారి.

ఇక రంగుల సంగతి. బయట కొనే స్టీరియోల వైపు రంగుల విషయంలో తయారీదారులు దాదాపు ఒకే పద్ధతి పాటిస్తారు. పసుపుది బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు. ఎరుపుది తాళం తిప్పితే వచ్చే కరెంటు, దాన్నే ఏసీసీ (యాక్సెసరీ) అంటారు. నలుపు ఎర్త్. నీలం యాంటెన్నాకు, తెల్ల చార ఉన్న నీలం యాంప్లిఫయర్‌ను లేపడానికి. తెల్ల చార ఉన్న నారింజ, లైట్లు వేసినప్పుడు స్క్రీన్ వెలుగు తగ్గించడానికి. స్పీకర్లలో తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల చార ఉన్నది మైనస్. కానీ కారు వైపు రంగులకు ఈ పద్ధతితో సంబంధం లేదు. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. అక్కడ ఎర్రగా కనిపించింది ఏసీసీయే కావాలని ఏమీ లేదు. రంగుకు రంగు కలపడంలో ప్రమాదం అదే.

అందుకే మీటరు పెట్టాలి. మల్టీమీటరును 20 వోల్టుల డీసీలో ఉంచి, నల్ల ప్రోబ్‌ను రంగు లేని బాడీ లోహానికి ఆనించి, ఎర్ర ప్రోబ్‌తో కారు కప్లర్‌లోని ఒక్కో పిన్ను ముట్టండి. తాళం తీసేసి ఉన్నప్పుడు కూడా 12.4, 12.6 వోల్టులు చూపిస్తే అది పసుపు వైరుకు. తాళం తీస్తే సున్నా, ఏసీసీకి తిప్పితే 12 పైన చూపిస్తే అది ఎరుపుకు. పార్కింగ్ లైట్లు వేసినప్పుడే వోల్టేజీ వచ్చేది నారింజకు. కొన్ని కార్లలో తాళం తీశాక కూడా ఏసీసీ కాసేపు ఉంటుంది, తలుపు తీస్తే పోతుంది. తొందరపడి దాన్ని పసుపుగా రాసుకోకండి. తాళంతో వచ్చిపోయే పిన్ను ఎక్కడా కనిపించకపోతే ఆ కారు ఆ కబురును క్యాన్ బస్ (కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్ల జంట) మీద పంపుతోందని అర్థం. అప్పుడు ఏసీసీని తయారుచేసి ఇచ్చే క్యాన్ అడాప్టర్ పెట్టె తప్పదు.

అడాప్టర్ కొన్నాం కదా అని ఇది మానేయకండి. యూరప్ కార్లలో వాడిన ఐఎస్ఓ అనే ప్రామాణిక కప్లర్‌లో నాలుగో పిన్ను శాశ్వత కరెంటుకు, ఏడో పిన్ను ఏసీసీకి. ఫోక్స్‌వ్యాగన్ కుటుంబంలోని కొన్ని కార్లలో ఈ రెండూ తారుమారు. చూసుకోకుండా గుచ్చితే స్టీరియో పాడుతుంది గానీ, తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లు, గడియారం, జత చేసిన ఫోను అన్నీ మరిచిపోతుంది. అలాంటి మతిమరుపు స్టీరియో బాగుచేతకు పోనక్కర్లేదు, ఎరుపు పసుపు వైర్లు మార్చి చూడండి.

స్పీకర్ వైర్లకు వోల్టుల కొలత కాదు, ఓమ్‌ల కొలత. పాత స్టీరియో ఊడదీసి, జంట అనుకున్న రెండు పిన్నుల మధ్య కొలిస్తే 4 ఓమ్‌ల స్పీకరు 3.2 నుంచి 3.8 వరకు చూపిస్తుంది. వేలల్లో చూపిస్తే మధ్యలో కంపెనీ యాంప్లిఫయర్ ఉందని అనుమానించాలి, దానికి వేరే అడాప్టర్ కావాలి. యాంప్లిఫయర్ లేదని తేలితే ప్లస్ మైనస్ తెలుసుకోవడానికి ఒక 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు చాలు. జంటకు ఒక్క క్షణం తాకించండి, స్పీకరు టక్‌మంటుంది. కోను బయటికి కదిలితే సెల్లు ప్లస్ తగిలిన వైరే స్పీకరు ప్లస్. లోపలికి పోతే తిరగేయండి. నాలుగింటిలో ఒక్కటి తిరగబడినా పాట వస్తూనే ఉంటుంది గానీ బేస్ పలచబడిపోతుంది. చాలామంది అప్పుడు స్పీకర్లు మార్చేస్తారు పాపం.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇంకొకటి ఉంది. స్పీకరు మైనస్ వైరును ఎర్త్‌కు కలపడం. ఇప్పటి స్టీరియోలలో స్పీకరు రెండు వైర్లకూ యాంప్లిఫయర్ నుంచే కరెంటు వస్తుంది. స్టీరియో ఆన్ చేసి, ఎర్త్ నుంచి ఏ స్పీకర్ వైరు కొలిచినా బ్యాటరీ వోల్టేజీలో దాదాపు సగం, అంటే ఆరేడు వోల్టులు కనిపిస్తాయి. జంటలోని రెండింటి మధ్య మాత్రం దాదాపు సున్నా. ఆ మైనస్‌ను బాడీకి తగిలిస్తే స్టీరియో ప్రొటెక్ట్ అని చూపించి ఆగిపోతుంది, లేదంటే లోపలి ఐసీ కాలిపోతుంది. బాగా పాత కార్లలో స్పీకర్లన్నిటికీ ఒకే ఉమ్మడి ఎర్త్ వైరు ఉంటుంది. అలాంటి చోట కొత్త స్టీరియోకు కొత్తగా స్పీకరు వైర్లు లాగాల్సిందే.

కొలతలు అయ్యాక, ఏదైనా కలిపే ముందు బ్యాటరీ మైనస్ విప్పేయండి. అతుకులను మెలేసి టేపు చుట్టొద్దు. ఎండలో డాష్‌బోర్డు లోపల టేపు జిగురు కరిగి జారిపోతుంది, ఆరు నెలలకు వైరు బయటపడుతుంది. క్రింప్ కనెక్టరు వేసి, నొక్కాక గట్టిగా లాగి చూడండి. ఊడి వచ్చేదైతే అప్పుడే రావాలి. వాడని వైర్ల కొసలు ఒక్కొక్కటీ విడివిడిగా మూయాలి, కట్టగా కలిపి కాదు.

ప్రశ్న: కొత్తది పెట్టించిన దగ్గర్నుంచీ మూడు నాలుగు రోజులు బండి తీయకపోతే స్టార్ట్ కావడం లేదు. బ్యాటరీ ఏడాది కూడా కాలేదు.

జవాబు: బ్యాటరీని తిట్టకండి. మీ స్టీరియో నిద్రపోవడం లేదు. బిగించినవాళ్లు ఎర్ర వైరును కూడా పసుపుతో కలిపేసి ఉండొచ్చు. ఏసీసీ వెతకడం బద్ధకమైనప్పుడు చేసే పని ఇది. లేదా క్యాన్ అడాప్టర్ తప్పు మోడల్ మీద సెట్ అయి ఉంటుంది.

కొలవడం కష్టం కాదు. అన్నీ ఆపేసి, బానెట్ తెరిచే ఉంచి, బ్యాటరీ మైనస్ విప్పి, విప్పిన కేబుల్‌కూ టెర్మినల్‌కూ మధ్య మీటరు పెట్టండి, ఎర్ర ప్రోబ్ 10 ఆంపియర్ల రంధ్రంలో. మీటరు అలా ఉండగా స్టార్టర్ తిప్పొద్దు, మీటరు ఫ్యూజు పోతుంది. కారులోని మాడ్యూళ్లు నిద్రపోవడానికి అరగంట ఇచ్చి అంకె చూడండి. మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. 300 ఉందనుకోండి, రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో నాలుగు రోజుల్లో సగానికి పైగా ఖాళీ. అంటే మీరు రాసిందే. అప్పుడు స్టీరియో ఫ్యూజు తీయండి. అంకె పడిపోతే దోషి దొరికినట్టే.

ప్రశ్న: ఇంజిన్ ఆన్ చేస్తే స్పీకర్లలో కుయ్‌మని సన్నటి చప్పుడు. యాక్సిలరేటర్ నొక్కితే ఆ గొంతు పెరుగుతుంది.

జవాబు: అది ఆల్టర్నేటర్ కూత. ముందు ఎర్త్ చూడండి. ఇంజిన్ నడుస్తూ, హెడ్‌లైట్లు, ఫ్యాను వేసి ఉండగా స్టీరియో లోహపు పెట్టెకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టేజీ కొలిస్తే 0.1 వోల్టు దాటకూడదు. దాటితే నల్ల వైరును ఏ ప్లాస్టిక్ బ్రాకెట్ స్క్రూకో, పెయింటు మీదో బిగించి ఉంటారు. పెయింటు గీకి, రింగ్ టెర్మినల్‌తో లోహానికి బిగించండి. విడిగా యాంప్లిఫయర్ ఉంటే దానికి పాట సిగ్నల్ మోసే ఆర్‌సీఏ కేబుల్, బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు ఒకే పక్కన పోతున్నాయేమో చూడండి. ఒకటి ఎడమ గుమ్మం కింద, మరొకటి కుడి గుమ్మం కింద పోవాలి. ఫోను చార్జరు పెట్టినప్పుడే చప్పుడు వస్తుంటే ఇదంతా అక్కర్లేదు, చార్జరు మార్చండి.

ప్రశ్న: పాత దాంట్లో బాగా వచ్చిన ఎఫ్ఎం కొత్త దాంట్లో గరగరమంటోంది.

జవాబు: మీ యాంటెన్నా మొదట్లో చిన్న బూస్టరు ఉంటుంది. దానికి పాత స్టీరియో యాంటెన్నా కేబుల్ ద్వారానే 12 వోల్టులు పంపేది, కొత్తది పంపదు. కరెంటు వైరు బయటికి ఉన్న యాంటెన్నా అడాప్టర్ వేసి, ఆ వైరును స్టీరియో నీలం వైరుకు కలపండి.

ప్రశ్న: కొత్త స్టీరియోకు స్టీరింగ్ బటన్లు నేర్పిస్తుంటే సౌండ్ పెంచే బటన్, తగ్గించే బటన్ రెండూ ఒకటే అనుకుంటోంది.

జవాబు: చాలా కార్లలో స్టీరింగ్ బటన్లంటే ఒకే వైరు మీద వరసగా పేర్చిన రెసిస్టర్లు. ఏ బటన్ నొక్కితే ఎన్ని ఓమ్‌లు వచ్చాయో చూసి స్టీరియో గుర్తుపడుతుంది. రెండు బటన్లు ఒకటే అనిపించాయంటే ఎర్త్ సరిగా లేదు, లేదా స్టీరియో వెనకున్న కీ 1, కీ 2 అనే స్టీరింగ్ బటన్ల వైర్లలో ఒకటి ఖాళీగా ఉంది. ముందు మీటరును ఓమ్‌లలో ఉంచి, స్టీరియో ఊడదీసి, కారు కప్లర్‌లోని స్టీరింగ్ వైరుకూ దాని ఎర్త్‌కూ మధ్య పెట్టి ఒక్కో బటన్ నొక్కండి. ప్రతిదానికీ వేరే అంకె రావాలి. వస్తే నేర్పించడంలో లోపం, ఒక్కో బటన్ రెండు సెకన్లు నొక్కి పట్టి మళ్లీ నేర్పండి. ఏ బటన్‌కూ ఏ మార్పూ లేకపోతే మీ కారులో ఆ కబురు క్యాన్ మీద గానీ, అలాంటిదే అయిన లిన్ మీద గానీ పోతోంది. దాన్ని చదివే అడాప్టర్ లేకుండా ఎంత నేర్పినా రాదు.

ప్రశ్న: రివర్స్ వేస్తే స్క్రీన్ మారుతుంది గానీ నల్లగా ఉంటోంది. కెమెరా కారుతో వచ్చిందే.

జవాబు: స్క్రీన్ మారుతోంది కాబట్టి రివర్స్ సంకేతం అందుతోంది. బొమ్మ రావట్లేదంటే ఒకటి, వీడియో రకం కలవలేదు. సెట్టింగ్స్‌లో కెమెరాను సీవీబీఎస్ (మామూలు అనలాగ్ వీడియో)గా పెట్టి చూడండి. ఏహెచ్‌డీ (హెచ్‌డీ అనలాగ్ వీడియో) మీద ఉంటే మామూలు కెమెరా బొమ్మ కనిపించదు. రెండోది, కెమెరాకు కరెంటు లేదు. ఇక్కడ జాగ్రత్త: టయోటా లాంటి కొన్ని కార్ల కంపెనీ కెమెరాలు 6 వోల్టుల మీద నడుస్తాయి. వాటికి నేరుగా 12 ఇచ్చారంటే ఇక కొత్త కెమెరా కొనడమే. పాత స్టీరియో పెట్టి, రివర్స్ వేసి, కెమెరా కరెంటు పిన్ను మీద ఎన్ని వోల్టులు వస్తున్నాయో కొలిచాకే కొత్త దానికి కలపండి.

ప్రశ్న: డబ్బా మీద "50 వాట్లు × 4" అని ఉంది. నిజమేనా?

జవాబు: కాదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఉండే 14.4 వోల్టులతో 4 ఓమ్‌ల స్పీకరుకు శుద్ధంగా ఇవ్వగలిగింది లెక్క ప్రకారమే 26 వాట్లు, నష్టాలు పోను 20 చిల్లర. వెనకున్న ఫ్యూజు 10 ఆంపియర్లదైతే లోపలికి పోయేదే 144 వాట్లు. అందులోంచి 200 ఎలా వస్తాయి? ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవరు) అని ఉన్న అంకె చూడండి.

ప్రశ్న: స్టీరియో మార్చాక ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరడం లేదు.

జవాబు: ప్యానెల్ ఊడదీసి, ఎయిర్‌బ్యాగ్ దీపం కప్లర్ విడిగా ఉండగానే ఎవరో తాళం తిప్పి చూశారు. కారు ఆ లోపాన్ని గుర్తుపెట్టుకుంది. కప్లర్ సరిగా గుచ్చి, స్కానర్‌తో కోడ్ చెరిపించండి. ఇక ముందు బ్యాటరీ మైనస్ తీసి కనీసం మూడు నిమిషాలు ఆగాకే ప్యానెల్ ముట్టండి. ఎయిర్‌బ్యాగ్‌లకు పోయే పసుపు రంగు కప్లర్లలో మాత్రం మీటరు కూడా పెట్టొద్దు.

ప్రశ్న: కొత్త స్టీరియో పెట్టెలో స్క్రూలు తక్కువయ్యాయి. ఇంట్లో ఉన్నవి వాడొచ్చా?

జవాబు: పాత స్టీరియో పక్కన ఉన్న ఇనుప బ్రాకెట్లు విప్పి కొత్తదానికి బిగించే కార్లలో ఈ ఇబ్బంది వస్తుంది. చాలా స్టీరియోలకు 5 మిల్లీమీటర్ల లావు, 8 మిల్లీమీటర్ల పొడవు స్క్రూలు వాడతారు. లావు సరిపోయింది కదా అని పొడవైనది తిప్పితే కొస లోపలి సర్క్యూట్ బోర్డును గుచ్చుతుంది. పాత స్టీరియో నుంచి తీసినవి వాడండి, అవి కూడా ముందు చేత్తో తిప్పి సజావుగా దిగితేనే.