చిన్నా, కేదార్ వెళ్ళేముందు ఇది చదువు

చిన్నా,

మొన్న అక్షయ తృతీయకి అప్పన్న నిజరూప దర్శనం చేసుకుని, సింహాచలం నుంచి ఇంటికొచ్చి కాళ్ళు చాపుకున్నానో లేదో మీ అమ్మ ఫోను. "అక్కా, చిన్నాడు మమ్మల్ని కేదారం, బదరీ తీసుకెళ్తున్నాడే" అని. ఆ గొంతులో సంతోషం నువ్వు విని ఉండాల్సింది. ఇన్నేళ్ళూ ఇల్లూ వంటిల్లూ తప్ప ఎరగని మనిషి. పెళ్ళైన కొత్తలో అన్నవరం వెళ్ళొచ్చిన సంగతే పదేళ్ళు చెప్పుకుంది. మా చెల్లెలికి నువ్వు ఈ పని చేస్తున్నందుకు నూరేళ్ళు చల్లగా ఉండు నాన్నా. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఒక్కదాన్నే కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను.

ఆ తరవాత నీ ప్లాన్ గుర్తొచ్చింది. ఇంక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఐదు రోజులట. సోమవారం వైజాగ్‌లో విమానం ఎక్కి, మంగళవారం రాత్రికి గుప్తకాశీ, బుధవారం అమ్మానాన్నలు హెలికాప్టర్లో కేదార్, నువ్వూ కోడలూ నడిచి. గురువారం బదరీ దారి పట్టడం. ఒరేయ్, సోమవారం పొద్దున్న సముద్రం ఒడ్డున కాఫీ తాగిన మనుషుల్ని బుధవారం మధ్యాహ్నానికి 3,583 మీటర్ల ఎత్తులో దింపుతావా? అరకు ఘాట్ ఎక్కితేనే మనకి చెవులు మూసుకుపోతాయి, అరకు ఎత్తు వెయ్యి మీటర్లు కూడా లేదు. దానికి మూడున్నర రెట్లకి పైన ఉంది కేదార్. మీ అమ్మకి బీపీ, మీ నాన్నకి సుగర్. ఇంత చదువుకున్నవాడివి, ఒక్కసారి ఆలోచించొద్దూ?

కోప్పడుతున్నానని అనుకోకు. భయపడి రాస్తున్నాను. వాట్సాప్‌లో పెడితే పై నాలుగు లైన్లు చూసి దండం బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావని కాగితం మీద రాస్తున్నాను.

ముందు చిన్న విషయాలు. ఉత్తరాఖండ్ వాళ్ళ సైట్‌లో రిజిస్ట్రేషన్ అందరి పేర్లతో చేయించు, ఆ కాగితం ప్రింటు తీసి దగ్గర పెట్టుకో. హెలికాప్టర్ టికెట్ ఐఆర్‌సీటీసీ సైట్‌లో తప్ప ఇంకెక్కడా కొనకు, ఎవడో ఫోన్ చేసి సీటుందన్నాడని డబ్బు పంపకు. రెయిన్‌కోట్లు, టార్చి. మందులు రెండు సంచుల్లో సగం సగం పెట్టు, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది. చోడిపిండి ఒక డబ్బా పట్టుకెళ్ళు, వేణ్ణీళ్ళూ ఉప్పూ దొరికితే చాలు, ఆ చలిలో అంత హాయి ఇంకేదీ ఉండదు. మీ నాన్న మాడుగుల హల్వా అడుగుతారు, ఇవ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. కేదార్‌కి ముందు యమునోత్రి, గంగోత్రి చేసుకోమని పెద్దవాళ్ళు ఊరికే చెప్పలేదు. పడమటి నుంచి తూర్పుకి యమునోత్రి, గంగోత్రి, కేదార్, బదరీ, అదీ వరస. శాస్త్రం సంగతి పక్కన పెట్టు, ఆ వరసలో వెళ్తే ఒళ్ళు కొండకి అలవాటు పడుతుంది. బార్కోట్‌లో ఒక రాత్రి, జానకీచట్టిలో ఒక రాత్రి, తరవాత ఉత్తరకాశీకి దిగి మళ్ళీ హర్సిల్ దాకా ఎక్కి అక్కడ ఒక రాత్రి. ఎక్కడం, దిగి పడుకోవడం, మళ్ళీ ఎక్కడం. మొన్న మనకి ఇక్కడ చందనోత్సవం జరిగిన రోజే అక్కడ గంగోత్రి, యమునోత్రి తలుపులు తీస్తారు, తెలుసా నీకు? ఇక్కడ స్వామి ఒంటి మీంచి చందనం తీసే రోజు, అక్కడ ఆర్నెల్లుగా మూసి ఉన్న తలుపులు తెరిచే రోజు, ఒక్కటే. యమునోత్రిలో సూర్యకుండంలో నీళ్ళు సలసల కాగుతుంటాయి, గుడ్డలో బియ్యం మూటకట్టి అందులో ముంచితే ఉడికిపోతాయి, అదే ప్రసాదం. మీ అమ్మకి అది చూపించరా, చిన్నపిల్లలా మురిసిపోతుంది.

ఆఫీసులో సెలవు లేదంటావు. అయితే ఈ ఏడు మానెయ్యి, వచ్చే ఏడు వెళ్ళు. కేదారనాథుడు ఎక్కడికీ పోడు.

నేనింత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. 2012లో మేము వెళ్ళొచ్చిన సంగతి నీకు తెలుసు, మీ పెద్దనాన్నకి అక్కడ ఒంట్లో బాగాలేకపోయిందనీ తెలుసు. అంతవరకే అందరికీ తెలుసు.

అక్టోబరు నెల. ఒక టూర్ బస్సులో వెళ్ళాం, పేరెందుకులే. పొద్దున్న హరిద్వార్‌లో ఎక్కించి, అర్ధరాత్రికి గుప్తకాశీలో దింపి, మూడింటికి మళ్ళీ లేపారు. అప్పుడు గౌరీకుండ్ నుంచి పాత దారి, 14 కిలోమీటర్లు, మధ్యలో రాంబాడా. మీ పెద్దనాన్న పొద్దుటి నుంచీ తలనొప్పి అంటున్నారు. నిద్ర లేక అన్నాను. మాత్ర ఇచ్చాను. రాంబాడా చేరేసరికి వాంతి చేసుకున్నారు. అక్కడ ఒక టీ దుకాణం ముందు బల్ల మీద కూర్చోబెడితే, ఆ దుకాణం ఆయన, ఒక పెద్దాయన, గోధుమరంగు స్వెట్టరు, మోచేతుల దగ్గర వేరే రంగు ఊలుతో అతుకులు వేసి ఉంది, టీ గ్లాసు ఇస్తూ ఇస్తూ మీ పెద్దనాన్న మొహంలోకి వంగి చూశాడు. చూసి నాతో హిందీలో అన్నాడు, ఈయన్ని కిందికి తీసుకెళ్ళమ్మా, పైకి వద్దు, రేపు రావచ్చు అని. నాకు కోపం వచ్చింది చిన్నా. ఇంత దూరం వచ్చాం, సగం దారిలో ఉన్నాం, అశుభం మాట్లాడతాడేమిటి అనుకున్నాను. దేవుడి దగ్గరికి వచ్చి వెనక్కి తిరుగుతారా ఎవరైనా అని పైకే అనేశాను. ఆయన ఇంకేం అనలేదు. గుర్రం మాట్లాడి పెద్దనాన్నని ఎక్కించాను.

సాయంత్రానికి పైకి చేరాం. రాత్రి ఆయనకి పొడిదగ్గు, పడుకుంటే ఊపిరి ఆడక గోడకి ఆనుకుని కూర్చున్నారు. రెండు గంటలప్పుడు నన్ను లేపారు. "సముద్రం హోరు ఎక్కువగా ఉంది, ఆ కిటికీ వెయ్యి. పిల్లలు బీచ్ నుంచి వచ్చారా?" అన్నారు. పిల్లలకి పెళ్ళిళ్ళు అయిపోయాయి అప్పటికే. ఆ హోరు మందాకిని నదిది. నేనేమనుకున్నానో తెలుసా? కలవరిస్తున్నారు అనుకున్నాను. ఎడమ బూటు కుడికాలికి తొడుక్కుంటుంటే తీసి సరిగ్గా తొడిగాను కూడా. అయినా అది ఎత్తు పడక వచ్చిన జబ్బని నాకు తట్టలేదు.

నాలుగింటికి బస్సువాళ్ళు తలుపు కొట్టారు, దర్శనానికి లైను కట్టాలని. ఆయన లేవలేకపోయారు. పక్క గదిలో విజయనగరం వాళ్ళుంటే కాస్త చూస్తుండమని చెప్పి నేను వెళ్ళాను.

వెళ్ళాను చిన్నా. రెండు గంటలు ఆ మంచులో లైన్లో నిలబడ్డాను. లోపలికి వెళ్ళి, ఎద్దు మూపురంలా ఉంటుందంటారే, ఆ స్వామికి నా రెండు చేతులతో నెయ్యి రాశాను. ఆయన బాగుండాలనే మొక్కుకున్నాను, ఆయన్ని గదిలో వదిలేసి. తిరిగొచ్చేసరికి ఆయన పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నన్ను చూసి "ఎవరండీ?" అన్నారు.

అక్కడి క్యాంపులో డాక్టరు ఆక్సిజన్ పెట్టి, ఒక్క నిమిషం ఆగకుండా కిందికి దించమన్నాడు. మన ఏజెన్సీ కొండల్లో దుప్పటి కట్టి మోసుకొస్తారే, ఆ డోలీ కాదు, కుర్చీకి కర్రలు కట్టి నలుగురు మోస్తారు. నేను పక్కన పరిగెడుతూనే ఉన్నాను, చేతులకి ఇంకా ఆ నెయ్యి వాసన. దిగుతున్నకొద్దీ ఆయన ఊపిరి తేలికపడుతోంది, నాకు కనిపిస్తోంది. రాంబాడాలో మోసేవాళ్ళు ఆగారు. అదే దుకాణం. ఆ పెద్దాయన బయటికొచ్చి చూశాడు, నన్ను ఒక్క మాట అనలేదు, తన భుజం మీది కంబళి తీసి ఆయనకి కప్పాడు. మీ పెద్దనాన్న కళ్ళు తెరిచి "టీ దొరుకుతుందా?" అన్నారు. ఆ మాట విన్నాక నేను ఆ బల్ల మీద కూలబడి ఏడ్చాను. డబ్బులిస్తే తీసుకోలేదు. మళ్ళీ వచ్చినప్పుడు మా అరకు కాఫీ తెస్తానని చెప్పాను.

తరవాతి ఏడు జూన్ 16, 17 తారీఖుల్లో ఏమైందో నీకు తెలుసు. పైన చోరాబారీ చెరువు తెగి మందాకిని కేదార్ మీద పడింది. గుడి వెనక బండ అడ్డుపడి గుడి నిలిచింది. రాంబాడా మిగల్లేదు. టీవీలో చూపిస్తుంటే ఆ దుకాణం ఎక్కడుండేదో వెతుక్కున్నాను, రాళ్ళూ బురదా తప్ప ఏమీ లేదు. జూన్ అంటే యాత్ర రోజులు, ఆయన అక్కడే ఉండి ఉంటాడు. పేరైనా అడగలేదు నేను.

ఇంకొకటి ఉంది, ఇది ఎవరికీ చెప్పలేదు. మీ పెద్దనాన్నకి ఆ రాత్రి ఏదీ గుర్తులేదు. నేను ఆయన పక్కనే కూర్చుండిపోయాననీ, తన వల్ల నాకు దర్శనం కాలేదనీ అనుకుంటున్నారు. ప్రతి శివరాత్రికీ అంటారు, "నా మూలాన నీకు కేదారనాథుడు కనబడలేదు" అని. నేను ఊరుకుంటాను. ఇన్నేళ్ళు ఊరుకున్నాను.

అందుకే చెబుతున్నాను, బాగా విను. తలనొప్పి, వాంతి వస్తే ఇంక పైకి ఒక్క అడుగు వెయ్యొద్దు, తగ్గేదాకా అక్కడే ఆగాలి. తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, తడబడి నడుస్తున్నా, పొంతన లేని మాట మాట్లాడినా అప్పటికప్పుడు దింపెయ్, తెల్లారేదాకా కూడా ఆగకు. అనుమానం వస్తే మడమకి వేలు ఆనించి గీత మీద నడిచినట్టు పది అడుగులు నడవమను, తూలితే బయటపడిపోతుంది. కోవిడ్ అప్పుడు కొన్న, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ ఉందిగా, కొత్త బ్యాటరీలు వేసి పట్టుకెళ్ళు, కానీ దాని అంకె బాగుందని మనిషిని చూడటం మానకు. బయల్దేరేముందు ఇద్దర్నీ గుండె డాక్టరుకి చూపించు, ఎత్తుకి వేసే మాత్ర ఆయన ఇస్తేనే వెయ్యి, పక్కింటివాళ్ళు చెప్పారని వెయ్యొద్దు.

మీ అమ్మ చెప్పదు. ఇది రాసిపెట్టుకో. చిన్నప్పుడు కాలికి మేకు దిగితే మూడు రోజులు దాచింది, అమ్మ సినిమాకి తీసుకెళ్ళనంటుందని. నీ సెలవూ నీ డబ్బూ పాడవుతాయని అక్కడ కూడా "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది. ఎలా ఉందమ్మా అని అడిగి ఊరుకోకు. మొహం చూడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి చూడు.

హెలికాప్టర్లో వాళ్ళిద్దర్నే పంపి నువ్వు నడవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఇప్పుడు దారి 16 కిలోమీటర్లు అంటున్నారు, నువ్వు ఎక్కేసరికి సాయంత్రం అవుతుంది, అప్పటిదాకా భాష రాని చోట చలిలో ఇద్దరు పెద్దవాళ్ళు ఏం చేస్తారు? మబ్బు పడితే హెలికాప్టర్ ఎగరదు కూడా, నువ్వు సగం దారిలో, వాళ్ళు కింద. వాళ్ళతో కలిసి ఎక్కు, దర్శనం అయ్యాక అదే రోజు కిందికి దింపించు, రాత్రి పైన ఉంచకు. నడవాలని అంత ముచ్చటగా ఉంటే, వాళ్ళని కోడలితో హెలికాప్టర్ ఎక్కించి నువ్వు దిగేటప్పుడు నడిచి దిగు.

బదరీ సంగతి నాకంత బెంగ లేదు, గుడి దాకా బండి వెళ్తుంది. తప్తకుండంలో ఆ వేడినీళ్ళలో మీ నాన్నని ఎక్కువసేపు ఉండనివ్వకు. బ్రహ్మకపాలం దగ్గర మరిదిగారు వాళ్ళ నాన్నగారికి పిండం పెట్టాలనుకుంటున్నారని అమ్మ చెప్పింది, ఆ రోజు తొందర పెట్టకు ఆయన్ని.

నడిచి దిగితే రాంబాడా దగ్గర మందాకిని మీద వంతెన వస్తుంది. ఒక కాఫీ పొడి పొట్లం ఇస్తాను. అక్కడ ఏ టీ దుకాణం ఉంటే ఆ దుకాణంలో ఇచ్చెయ్, ఎవరు పంపారంటే వైజాగ్ నుంచి అని చెప్పు.

మీ పెద్దనాన్న వరండాలో కూర్చుని, ఏం రాస్తున్నావు ఇంతసేపు అని రెండుసార్లు అడిగారు. నువ్వు తిరిగొచ్చేలోపు ఆ నెయ్యి సంగతి ఆయనకి చెబుతాను. అంతవరకూ నువ్వు ఎత్తకు.

స్వెట్టర్లూ మంకీ క్యాపులూ ట్రంకుపెట్టెలోంచి తీసి మేడ మీద ఎండలో వేశాను, కలరా ఉండల వాసన పోవాలి. ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. అమ్మని కూడా తీసుకురా.

మీ పెద్దమ్మ