అమ్మకి ఎముకల మాత్ర మొదలుపెట్టే ముందు ఆ పన్ను చూపించండి

మీ అమ్మగారికి ఊపిరితిత్తుల జబ్బుకి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఏడాది పైన వాడాలన్నారని, దవడ పన్నొకటి కదులుతోందని, ఇప్పుడు ఎముకలకి వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ రాశారని, ముందు ఏది చూసుకోవాలో తెలియడం లేదని అడిగారు. ముందు పన్ను అండీ. ఈ వారంలోనే వెళ్ళండి, ఎందుకంటే ఎముకల మందు కూడా నెలల తరబడి ఆగకూడదు.

నాకు లూపస్, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం, స్టెరాయిడ్ ఏళ్ళుగా వాడుతున్నాను. మా డాక్టరుగారు ఇదే మాత్ర రాస్తూ, పళ్ళు చూపించుకుని వచ్చాకే మొదలుపెట్టమన్నారు. ఈ రకం మందులు వాడుతుండగా పన్ను పీకితే, అరుదుగానే అనుకోండి, పుండు మానక దవడ ఎముక బయటపడి ఉండిపోతుంది. నాకు పుచ్చిన జ్ఞానదంతం తీసి, చిగుళ్ళు శుభ్రం చేసి, పుండు పూడాకే మాత్ర ఇచ్చారు. మీది విజయవాడే కాబట్టి ప్రభుత్వ డెంటల్ కాలేజీ దగ్గర్లోనే ఉంది. ఎక్కడికి వెళ్ళినా మందుల చీటీ తీసుకెళ్ళి స్టెరాయిడ్ డోసు చూపించండి. స్టెరాయిడ్ వాడేవాళ్ళకి చిగురులో చీము పట్టినా వాపు, నొప్పి పెద్దగా కనబడకపోవచ్చు. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కూడా ఉంటే పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయమనండి, లేకపోతే నాలుక మీద తెల్లగా ఫంగస్ పట్టొచ్చు.

స్టెరాయిడ్ మొదలైన తొలి 3 నుంచి 6 నెలల్లోనే ఎముక వేగంగా తరుగుతుంది. "నొప్పులొస్తే చూద్దాంలే" అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. ఏ నొప్పీ లేకుండానే వెన్నుపూస నలిగిపోవచ్చు. ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే డెక్సా స్కాన్ తీయించకపోతే అడిగి తీయించండి.

ఎముకల మాత్ర వేసుకునే పద్ధతి చాలా ముఖ్యం. మా ఇంట్లో అది ఆదివారం పొద్దున. లేవగానే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగి, అరగంట కుర్చీలో నిటారుగా కూర్చుంటాను. మావారు ఫిల్టర్ దించినా కాఫీ నా దగ్గరికి రాదు. కాఫీతో వేసుకుంటే మందు ఒంటికి పట్టదు, వెంటనే నడుం వాలిస్తే అన్నవాహిక పుండవ్వొచ్చు. కాల్షియం మాత్ర మధ్యాహ్నం అన్నం తిన్నాక.

కాల్షియం తిండీ మాత్రా కలిపి రోజుకి 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు చాలు. 100 గ్రాముల రాగిపిండిలోనే దాదాపు 340 ఉంటుంది; పొద్దున రాగిజావ, రాత్రి పెరుగన్నం అలవాటు చేయండి. మన ఊళ్ళలో కష్టమే గానీ ఆవకాయ, ఊరుమిరపకాయలు తగ్గించాలి, ఉప్పు ఎక్కువైతే కాల్షియం మూత్రంలో పోతుంది. డి విటమిన్ పరీక్ష చేయించి, 60,000 యూనిట్ల సాషేలు (పొడి పొట్లాలు) డాక్టరు చెప్పినన్ని వారాలే వాడండి. సొంతంగా కొనసాగించొద్దు.

ఎముకల భయంతో స్టెరాయిడ్ మాత్రం హఠాత్తుగా ఆపనివ్వకండి, ప్రాణం మీదికొస్తుంది. అమ్మగారు ఎప్పుడైనా గజ్జల్లో నొప్పని కుంటితే వెంటనే చూపించండి: స్టెరాయిడ్ వల్ల తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడొచ్చు, మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎమ్మారైలో తెలుస్తుంది.