స్టోర్ దగ్గర ఇల్లా, స్టేషన్ దగ్గర ఇల్లా?

ప్రశ్న: డాలస్‌లో మాస్టర్స్ చేశాను. వచ్చే నెల మాన్‌హట్టన్‌లో, పెన్ స్టేషన్ దగ్గరున్న ఆఫీసులో చేరుతున్నాను. కారు లేదు. నది ఇవతల న్యూజెర్సీలో ఉన్న జెర్సీ సిటీలో ఇల్లు చూసుకుందామనుకుంటే, అదే రాష్ట్రంలో ఎడిసన్‌లో ఉన్న మా పిన్నివాళ్ళు తమ ఊళ్ళోనే ఉండమంటున్నారు.

జవాబు: మొదటి నెల పిన్నిగారింట్లోనే ఉండండి. ఇల్లు వెతుక్కోవడానికి టైమ్ దొరుకుతుంది, వేడన్నమూ దొరుకుతుంది. కాని అక్కడే స్థిరపడకండి. ఎడిసన్ నుంచి పెన్ స్టేషన్‌కి నేరుగా రైలుంది, నిజమే. ఆ రైలు దాకా వెళ్ళాలంటేనే కారు కావాలి. ఓక్ ట్రీ రోడ్డుకి దోసె తినడానికి వెళ్ళాలన్నా అంతే. పెళ్ళయి పిల్లలున్నవాళ్ళకి బాగుంటుంది ఆ ఊరు.

ఇక జెర్సీ సిటీ. ఇక్కడికి రాగానే నేను చేసిన పొరపాటు చెప్తాను. మనవాళ్ళ షాపులన్నీ న్యూఆర్క్ అవెన్యూ మీద ఉన్నాయని ఆ చుట్టుపక్కలే చూశాను. ప్రకటనలో ‘పాత్ రైలుకి 5 నిమిషాలు’ అని రాసుంది. పాత్ అంటే ఇక్కణ్ణుంచి మాన్‌హట్టన్‌కి వెళ్ళే మెట్రో రైలు. సంతకం పెట్టి చేరాక తెలిసింది, ఆ 5 నిమిషాలూ కారులో అని. జనవరిలో గడ్డకట్టిన మంచు మీద జారకుండా నడిస్తే 20 నిమిషాలు పట్టేది. గోంగూర వారానికోసారి కొంటాం, రైలు మాత్రం రోజూ ఎక్కాలి కదా!

కాబట్టి మ్యాపులో ముందు రైలు లైను చూడండి. మీ ఆఫీసుకి పనికొచ్చేది 33వ వీధి దాకా వెళ్ళే పాత్ రైలు. దిగాక పెన్ స్టేషన్ ఒక్క బ్లాకు దూరం. జర్నల్ స్క్వేర్, గ్రోవ్ స్ట్రీట్, న్యూపోర్ట్ ఈ లైను మీదే ఉన్నాయి. ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ స్టేషన్ దగ్గర హడ్సన్ నది ఒడ్డున అద్దాల మేడలు చూసి మనసు పారేసుకోకండి. అక్కడ ఆగేది వరల్డ్ ట్రేడ్ సెంటర్ రైలు, మీరు రోజూ మధ్యలో మారాలి. పైగా అద్దెలు కళ్ళు తిరిగేలా ఉంటాయి. మీ వయసుకి, మొదటి జీతానికి జర్నల్ స్క్వేర్ నయం. మన షాపులకి స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. గుట్ట మీదుంది కాబట్టి వరద భయమూ తక్కువ. 2012లో శాండీ తుపానుకి పల్లంలో ఉన్న పక్క ఊరు హొబోకెన్ ఎలా మునిగిందో ఇక్కడివాళ్ళింకా చెప్పుకుంటారు. ఎంత చవకైనా బేస్‌మెంట్‌ వద్దు.

పాత ఇళ్ళయితే హీటు, వేడినీళ్ళు అద్దెలోనే కలిపారా అని అడగండి. కలపకపోతే చలికాలం బిల్లు చూసి టెన్షన్ పడతారు. డిపాజిట్‌గా నెలన్నర అద్దెకి మించి తీసుకోకూడదని న్యూజెర్సీ చట్టం. ఓనరు కూడా అదే ఇంట్లో ఉండే చిన్న ఇళ్ళకి మినహాయింపులున్నాయి. ఇల్లు చూడకముందే డబ్బు పంపమన్నవాడికి మాత్రం, ఎంత తియ్యగా తెలుగులో మాట్లాడినా, ఒక్క డాలరు పంపకండి.

న్యూయార్క్‌లోనే ఉండమని ఆఫీసు స్నేహితులు లాగుతారు. అక్కడ నివాసముంటే సిటీ టాక్స్ విడిగా కట్టాలి. నది ఇవతల ఉంటే న్యూయార్క్ రాష్ట్రానికి కడతారు గాని ఆ సిటీ టాక్స్ ఉండదు.

ఇల్లు నచ్చితే ఆదివారం మధ్యాహ్నం చూసి సంతకం పెట్టేయకండి. ఒక పనిరోజు రాత్రి తొమ్మిదింటికి 33వ వీధిలో రైలెక్కి, దిగి, ఆ ఇంటి గుమ్మం దాకా నడిచి చూడండి. వీధిదీపాలున్నాయా, దారిలో తెరిచిన కొట్లు ఉన్నాయా, మీ అడుగుల వేగం పెరిగిందా? పెరిగితే ఇంకో ఇల్లు చూద్దురుగాని, పిన్నిగారు ఇంకో వారం ఉంచుకోనంటారా ఏమిటి!