అమ్మ జబ్బు సంగతి ఊరిదాకా ఎలా పోయింది?

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ మారతహళ్ళిలో ఉంటున్నాను. అమ్మకు గర్భసంచి ఇబ్బంది ఉండడంతో ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాము. ఆ రోజు నాకు సెలవు దొరకలేదు. అందుకని కన్నడం బాగా వచ్చిన మా పక్కింటావిడను తోడు పంపాను. ఆమెదీ మా ఊరి వైపే. డాక్టరు గారు చెప్పినదంతా ఆమే అమ్మకు తెలుగులో వివరించింది. వారం తిరగకుండానే ఊరి నుంచి పరామర్శల ఫోన్లు మొదలయ్యాయి. అమ్మ ఇక ఆసుపత్రి గడప తొక్కనంటోంది. తప్పు డాక్టరుదా, మాదా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ముందు అమ్మగారి చికిత్స ఆగకుండా చూడండి, తప్పెవరిదో తేల్చడానికి తరువాతైనా సమయం ఉంటుంది.

వృత్తిలో భాగంగా తెలిసిన రోగి రహస్యాలను వైద్యుడు బయటపెట్టకూడదని భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి నియమావళి చెబుతోంది. న్యాయమూర్తి ఆదేశించినప్పుడు, ఫలానా వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ప్రమాదం ఉందని తేలినప్పుడు, ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన జబ్బు అయినప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు ఉంది. అయితే ఈ నియమం వైద్యుణ్ణి కట్టడి చేస్తుంది గాని, తోడు వచ్చిన మనిషిని కాదు. మీ పక్కింటావిడ మీద వైద్య మండలికి ఫిర్యాదు చేయడానికి వీలులేదు. మరి డాక్టరు గారి తప్పేమీ లేదా అంటే, నా మటుకు కొంత ఉందనే అంటాను. 'ఈమె ఎదుట మాట్లాడవచ్చునా అమ్మా?' అని రోగినే, తోడు వచ్చినవారు వినని చోట, ఒక్క మాట అడిగి ఉండవలసింది. పక్కన మనిషి కూర్చున్నంత మాత్రాన రోగి అనుమతి ఇచ్చినట్టు కాదు. మన వాళ్ళు ఎదుట ఉన్నవారిని 'మీరు బయటకు వెళ్ళండి' అనలేరు. ఆ మొహమాటం వైద్యుడికి తెలిసి ఉండాలి.

అనంతపురం, సత్యసాయి, చిత్తూరు జిల్లాల నుంచి ఎందరో వైద్యానికి వచ్చే బెంగళూరులో తెలుగు వచ్చిన డాక్టరో నర్సో దొరకడం కష్టం కాదు. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే ఆ సంగతి అడగండి. ఈసారి మీరే వెంట వెళ్ళినా, గదిలోకి రావాలో వద్దో అమ్మనే అడగండి. కొన్ని సంగతులు కొడుకు ఎదుట కూడా చెప్పుకోలేనివి ఉంటాయి. ఈ మాట కొడుకులకు సాధారణంగా తట్టదు.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది: ఆసుపత్రిలో పేరు నమోదు చేసేటప్పుడు కౌంటరు దగ్గర నిలబడినవారి ఫోను నంబరే రాసుకుంటారు, ఆ తరువాత రిపోర్టులన్నీ ఆ ఫోనుకే వెళ్తాయి. అమ్మగారి ఫైలులో ఎవరి నంబరు ఉందో చూసి, కావలసి వస్తే మార్పించండి. చికిత్స కాగితాల కోసం అమ్మగారు గాని, ఆమె అధికారమిచ్చినవారు గాని అడిగితే 72 గంటలలో ఇవ్వాలని అదే నియమావళి చెబుతోంది కాబట్టి, వాటి కోసం పక్కింటివారిని పంపవలసిన పని కూడా ఉండదు. ఒకవేళ సంగతి డాక్టరు నోటి నుంచే బయటకు పొక్కిందని తేలితే, కర్ణాటక వైద్య మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: నాకు ఊపిరితిత్తుల క్షయ అని తేలింది. పీజీలో మరో ఇద్దరితో కలిసి ఒకే గదిలో ఉంటున్నాను. నా వివరాలు ప్రభుత్వానికి పంపాలని డాక్టరు అంటున్నారు. ఆఫీసుకు, పీజీ యజమానికి తెలిసిపోతుందని భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: క్షయ రోగుల వివరాలను ప్రైవేటు వైద్యులు కూడా ప్రభుత్వానికి తెలియజేయాలన్న ఆదేశం 2012 నుంచి అమలులో ఉంది. పైన చెప్పిన మినహాయింపులలో ఇదొకటి. నిక్షయ్ అనే వ్యవస్థలో నమోదయ్యే ఆ వివరాలు మీరు మందులు మధ్యలో మానకుండా చూడడానికి, పోషకాహారం కోసం ప్రభుత్వం ఇచ్చే నెలకు 1000 రూపాయలు మీ ఖాతాలో వేయడానికి ఉద్దేశించినవి. అవి మీ కంపెనీకో, పీజీ యజమానికో ఇవ్వడానికి కావు. ఆరోగ్య కార్యకర్త పీజీకి రావడం ఇబ్బంది అనుకుంటే, ముందుగా ఫోను చేయమని, వేరేచోట కలుస్తానని చెప్పండి. ఆఫీసుకు ఇచ్చే సెలవు పత్రంలో జబ్బు గురించి ఎంతవరకు రాయాలో కూడా అది రాయించుకోకముందే డాక్టరుతో మాట్లాడుకోండి.

గదిలో ఉన్న ఆ ఇద్దరి సంగతి వేరు. వారు మీతో పాటు అదే గాలి పీలుస్తున్నారు, వారికీ పరీక్షలు జరగాలి. చెన్నైలోని ఒక ఆసుపత్రిలో రక్తదానం చేసినప్పుడు బయటపడిన హెచ్.ఐ.వి. సంగతి తెలిసి పెళ్ళి ఆగిపోయిందని ఒకరు వేసిన కేసులో, రోగి గోప్యత హక్కు హద్దులు లేనిది కాదని, ప్రమాదంలో పడే మరో మనిషి ఆరోగ్యమూ చూడాలని సుప్రీంకోర్టు 1998లో తీర్పు చెప్పింది. మీ విషయంలో అంతదాకా పోనక్కరలేదు. ఇతరుల నోటి నుంచి వినేకన్నా మీరే ఈ వారంలో వారిద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి. సరైన మందులు పడితే సాధారణంగా కొద్ది వారాలలోనే జబ్బు ఇతరులకు అంటే గుణం బాగా తగ్గుతుందని, మందులు మాత్రం నెలల తరబడి వాడవలసి ఉంటుందని కూడా వారికి వివరించండి. అప్పటిదాకా మాస్కు వేసుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి, వీలైతే విడి గదికి మారండి.